ఇత్తడి బిళ్ల

కిందటి వారం రుమ్యానాను డైరెక్టరు గది గుమ్మం దగ్గర, చేతిలో తెల్ల కాయితంతో నిలబెట్టి వచ్చేశాం. వారం రోజులు అలా నిలబెట్టినందుకు ఆమె నన్నేమీ అనలేదు. ఈమధ్య ఆమె ఎవర్నీ ఏమీ అనడం లేదు. మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి తలుపు తీస్తాను.

వర్బోబ్రెగ్ ఊళ్లోని రక్తనిధిలో మంగళవారం పొద్దున ఏడూ పన్నెండుకు ఒక ఘోరం జరిగింది. డేటాబేస్ సర్వర్ ఒకటి శుభ్రంగా నడుస్తుండగానే, అదే డేటా మీద ఇంకో సర్వర్ లేచి కూర్చుంది. నలభై ఒక్క నిమిషాల పాటు రెండూ ఒకదాన్నొకటి చూసుకోకుండా ఒకే చోట రాసుకుంటూ పోయాయి. ఒకే నంబరు రెండేసి రక్తం సంచులకు పడింది. ప్రసూతి ఆసుపత్రికి బయల్దేరిన ఒక సంచి లేబుల్ మీద ఎ గ్రూపు అని, స్క్రీన్ మీద ఓ గ్రూపు అని ఉంటే నర్సు పెన్కా దాన్ని బండిలోంచి లాగేసింది. ఆ మహాతల్లి కళ్లు చల్లగుండ, ఎవరి ప్రాణమూ పోలేదు. డెబ్బై రెండు సంచులు మాత్రం ఎర్ర చీటీలతో శీతల గదిలో ఓ మూల పడి ఉన్నాయి. వాటిని ఎక్కించడానికి ధైర్యం చాలదు, పారబోయడానికి చేతులు రావు. రెండు సర్వర్లనూ ఆపేసి, ఆ రోజు నుంచీ అంతా కలం కాయితాల మీదే నడిపిస్తున్నారు.

ఇలా జరక్కుండా ఉండడానికి ఒక ఏర్పాటు ఉంది. సర్వర్ లేవగానే డేటా పక్కనే లాక్ ఫైల్ అని చిన్న ఫైలు పెట్టి, అందులో తన నంబరు రాసుకుంటుంది. నేనిక్కడ ఉన్నాను, ఇంకెవరూ రావద్దు అని దాని అర్థం. రెండోది లేవబోతే ముందు ఆ ఫైలు చూసి, ఆ నంబరు ఇంకా నడుస్తోందేమో వెతుకుతుంది. నడుస్తుంటే మర్యాదగా వెనక్కి పోతుంది. ఆ నంబరు ఎప్పుడో ఆగిపోయి ఫైలు మాత్రం మిగిలి ఉంటే, దాన్ని తీసేసి తన నంబరు పెట్టుకుంటుంది. మరి మొదటిది నడుస్తుండగానే ఎవరైనా ఆ ఫైలును చేత్తో చెరిపేస్తే? ఒక ఒరలో రెండు కత్తులు.

అలా చెరిపేసింది అక్కడి కంప్యూటర్లు చూసుకునే రుమ్యానాయేనని, ఆమె దగ్గర పనిచేసే కుర్రాడు ప్లామెన్ తేల్చేశాడు. ఆ రోజు ఏడూ పన్నెండుకు, రెండో సర్వర్ ఉన్న కొత్త మెషీన్‌లోకి ఆమె పేరుతోనే ఎవరో వెళ్లినట్టు రికార్డు ఉంది. రుమ్యానాకు ఏమీ గుర్తులేదు. ఆమె భర్త నెడ్యాల్కో రేవు దగ్గర పడవల కర్మాగారంలో, నడుస్తున్న లేత్ ముందే గుండె ఆగి పడిపోయి, ఈ గురువారానికి ముప్పై ఎనిమిది రోజులు. శనివారం నలభయ్యో రోజు. పోయినవాళ్ల పేర గోధుమలు ఉడకబెట్టి పంచాలి, ఆమె ఇంకా గోధుమలు కూడా కొనలేదు.

ఇప్పుడు తలుపు తీస్తున్నాను.

డైరెక్టరు కలినా డాక్టరు బల్ల వెనక కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి, తెల్లకోటు ఎప్పుడూ ఇస్త్రీ నలగదు. పక్కన కుర్చీలో ప్లామెన్, మణికట్టుకు మార్చి నెలలో మంచి జరగాలని అక్కడివాళ్లు కట్టుకునే ఎర్రా తెల్లా దారం, ఒళ్లో లాప్‌టాప్. అతని వయసు ముప్పై కూడా నిండలేదు. రుమ్యానా కింద పనిచేస్తాడు, ఆమెను అక్కా అంటాడు. ఆ అక్క మొహంలోకి మాత్రం రెండు రోజులుగా చూడలేదు.

"రాశావా?" అంది కలినా.

"రాశాను."

ఎవరినైనా ఉద్యోగంలోంచి తీసెయ్యాలంటే ముందు వాళ్ల చేత వివరణ రాయించుకోవాలి, చట్టం అలా చెబుతోంది. రుమ్యానా రాసిన వివరణలో రెండే వాక్యాలున్నాయి. లాక్ ఫైల్ నేనే తీసేశాను. ఎందుకు తీశానో గుర్తులేదు.

కలినా కాయితం బల్ల మీద పెట్టింది. "గుర్తులేదని రాస్తే ఎట్లా? పన్నెండింటికి రాజధాని సోఫియా నుంచి కమిటీ వస్తోంది. నవ్విపోతారు."

"ఏం రాయమంటారో చెప్పండి డాక్టర్ గారూ. అదే రాస్తాను."

ఇది ఎత్తిపొడుపు కాదు. రుమ్యానాకు నిజంగానే ఏం రాసినా ఒకటే. ఇరవై రెండేళ్ల ఉద్యోగం పోతుందన్న మాట చెవిలో పడుతోంది గానీ లోపలికి దిగడం లేదు. పళ్ల డాక్టరు మత్తుసూది వేశాక దవడ మన సొంతం కానట్టు ఉంటుంది చూడండి, ఆమెకు ఒళ్లంతా అలాగే ఉంది. నల్లకోటు విప్పకుండానే కూర్చుంది. కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. అక్కడ గుండ్రంగా ఏదో లోహపు ముక్క, నున్నగా, కాసుకంటే కాస్త పెద్దది. నెడ్యాల్కో లేత్ ముందునుంచి తెచ్చిన రింగులూ నట్లూ ఎవరి జేబు దగ్గరగా ఉంటే వాళ్ల జేబులో పడేసేవాడు. ఇది కూడా అలాంటిదేనని ఆమె అనుకుంది. బయటికి తీసి చూడలేదు. వేలితో మాత్రం దాని అంచు చుట్టూ తిప్పుతూ ఉంటుంది, బస్సులోనూ, ఇంటి మెట్ల మీదా, తలుపు మీద అంటించిన నెడ్యాల్కో చావుకబురు కాయితం ముందు తాళంచెవి పట్టుకుని నిలబడ్డప్పుడూ.

ఆ పేరు మాత్రం ఆమె నోటి వెంట ముప్పై ఎనిమిది రోజులుగా రాలేదు. ఆయన అనే అంటుంది.

"పన్నెండింటికి కొత్త మెషీన్ లేపేద్దాం," అన్నాడు ప్లామెన్. "కారణం దొరికింది కాబట్టి ఇంక భయం లేదు."

"అదిగో, భయం లేనివాణ్ణి చూస్తేనే నాకు భయం."

తలుపు దగ్గర వెసెలిన్ నిలబడి ఉన్నాడు. డెబ్బై మూడేళ్ల ముసలాయన, చంకలో ఫ్లాస్కు, కోటు జేబు నిండా పొద్దుతిరుగుడు గింజలు. ఈ రక్తనిధికి మొదటి కంప్యూటరు తెచ్చి పెట్టిందీ ఆయనే, రుమ్యానాకు పని నేర్పిందీ ఆయనే. రిటైరై ఎనిమిదేళ్లయింది.

"మిమ్మల్ని ఎవరు పిలిచారు?" అంది కలినా.

"ఎవరూ పిలవలేదు. పెన్కా ఫోన్ చేసి ఏడ్చింది. పిలవని పేరంటానికి వచ్చాను, నా టీ నేనే తెచ్చుకున్నాను, మీకు ఖర్చేమీ లేదు." ఆయన కుర్చీ లాక్కుని రుమ్యానా పక్కన కూర్చున్నాడు. కాయితం తీసుకుని చదివాడు. "ఏం తల్లీ, లాక్ ఫైల్ తీసేశావా?"

"తీసే ఉంటాను బాబాయ్."

"తీసే ఉంటావా, తీశావా?"

"తెలీదు. నిద్రమాత్ర ప్రభావం ఎనిమిదింటిదాకా పోదు. వాడు చూశానంటున్నాడుగా."

"నేను చూశాననలేదు," అన్నాడు ప్లామెన్ గబగబా. "చూడక్కర్లేదు బాబాయ్. ఫైలు ఉంటే రెండోది లేవదు. రెండోది లేచింది. అంటే ఫైలు లేదు. అక్క పేరుతో లోపలికి వెళ్లారు. ఇంక లెక్క సరిపోయిందిగా?"

"భేషుగ్గా సరిపోయింది. తా పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నాడట నీలాంటివాడే. కొత్త మెషీన్ మీద సర్వర్ లేచేటప్పుడు ఏం రాసుకుందో చూశావా?"

ప్లామెన్ చూపు లాప్‌టాప్ మీదకు దిగింది.

"ఎవరు లోపలికొచ్చారో చూశావు. లోపల ఏం జరిగిందో చూడలేదు. మనిషి దొరికాడు కదా, ఇంక పని దేనికని. తియ్యి, పైకి చదువు."

ప్లామెన్ లాప్‌టాప్ తెరిచి వెతికాడు. సర్వర్ తాను చేసే ప్రతి పనినీ ఒక చిట్టాలో రాసుకుంటుంది. దాన్ని చదవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. రెండు రోజులుగా ఈ భవనంలో ఒక్కరు కూడా ఆ రెండు నిమిషాలు పెట్టలేదు.

"ఏడూ పన్నెండు," అని మొదలుపెట్టాడు ప్లామెన్. "లాక్ ఫైల్ ఉంది. అందులో నంబరు పదకొండు వందల ఎనభై ఏడు. ఈ మెషీన్ మీద ఆ నంబరు నడవడం లేదు. లాక్ ఫైల్ పాతది. తీసేసి మొదలవుతున్నాను."

గొంతు చివరికొచ్చేసరికి సన్నబడింది.

"ఇంకోసారి చదువు, డాక్టర్ గారికి వినబడలేదు."

"వినబడింది," అంది కలినా. "ఫైలు ఉందంటోంది. అంటే రుమ్యానా తియ్యలేదా?"

"ఎవరూ తియ్యలేదండీ. మనిషి చేత్తో తీసేసి ఉంటే ఈ మాటలు ఇక్కడ ఉండవు, ఫైలు లేదు మొదలవుతున్నాను అని ఊరుకునేది. ఇది ఫైలును చూసింది, నంబరు చదివింది, వెతికింది. ఎక్కడ వెతికింది? తన ఇంట్లో. ఆ పదకొండు వందల ఎనభై ఏడు ఉన్నది కింద నేలమాళిగలో, పాత మెషీన్ మీద, రాయిలా నడుస్తోంది. కొత్తదేమో పైన రెండో అంతస్తులో కూర్చుంది. డేటా ఉండే డిస్కుల బీరువా రెండింటికీ ఉమ్మడి, ఇళ్లు వేరు. మా ఇంట్లో లేడు కాబట్టి పోయాడు అనుకుంది, అంతే. తప్పు దానిది కాదు. అది నేర్చుకున్నదే అంత."

మా ఇంట్లో లేడు కాబట్టి పోయాడు. ఆ మాట రుమ్యానా చెవిలో ఒకసారి తిరిగింది. ఆమెకు ఏడుపు రాలేదు, ఊరట కూడా కలగలేదు. తను చెయ్యలేదట. సరే. జేబులో ముక్క చుట్టూ వేలు ఇంకోసారి తిప్పింది.

"మరి లేపిందెవరు?" అంది కలినా.

వెసెలిన్ ఒక గింజ కొరికి తొక్క అరచేతిలోకి ఉమ్మాడు.

"నేనే," అన్నాడు ప్లామెన్.

చెప్పేసి తల వంచేశాడు. "పాతది రెండు నిమిషాలు పలకలేదు. కాపీ తీసుకుంటోందేమో, నాకేం తెలుసు? దాతల హాల్లో నలభై మంది, నర్సులు నా మీద పడి అరుస్తున్నారు. పాతది చచ్చిందనుకున్నాను. ఒకవేళ బతికే ఉంటే కొత్తది లేవదు కదా, లాక్ ఫైల్ అడ్డుపడుతుంది కదా అనుకున్నాను. మాకు అట్లాగే నేర్పారు. లేపి, హాలు స్క్రీన్లు దాని మీదకు తిప్పాను. ల్యాబ్ వాళ్లు పాతదాని మీదే ఉండిపోయారు."

"రుమ్యానా పేరుతో ఎందుకు వెళ్లావు?"

"అక్క కంప్యూటరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది డాక్టర్ గారూ. ఆ రోజు నుంచి అక్క దేన్నీ మూసెయ్యడం లేదు." ఏ రోజో అతను చెప్పలేదు. "అక్కడే నిలబడి ఉన్నాను, అక్కడే కొట్టాను. మీరు ఎవరు ఎవరని అరుస్తుంటే రికార్డులో అక్క పేరే వచ్చింది. నిజంగానే అక్క ముందే ఫైలు తీసేసిందేమో, అందుకే కొత్తది లేచిందేమో అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది. నా భార్యకు ఎనిమిదో నెల."

"సిగ్గు లేదురా?" అన్నాడు వెసెలిన్. గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది.

"ఉంది బాబాయ్."

రుమ్యానా అతని వంక చూసింది. కోప్పడాలని ఆమెకు తెలుసు. కోపం ఉండాల్సిన చోట చెయ్యి పెట్టి తడుముకుంటే ఏమీ తగల్లేదు. "పర్లేదు," అంది. ఆ మాటకు ప్లామెన్ ఇంకా కుంచించుకుపోయాడు.

"పర్లేదేమిటి, మన్నా మశానమా," అన్నాడు వెసెలిన్. ఇప్పుడు నిజంగా కోపం వచ్చింది ఆయనకు. "సరిగ్గా దీనికోసమే కదరా నేను బిళ్ల పెట్టింది! లాక్ ఫైల్ పక్కింట్లోకి చూడలేదని నాకు తెలియకనా? మా నాన్న పాతికేళ్లు ఒంటిపట్టాల స్టేషన్‌లో మాస్టరు. ఇటునుంచి రైలు వెళ్లాలంటే డ్రైవరు చేతిలో ఇత్తడి బిళ్ల ఉండాలి. బిళ్ల ఒక్కటే. అది అవతలి స్టేషన్‌లో ఉంటే ఇక్కడ రైలు కదలదు, మంత్రి ఎక్కి కూర్చున్నా కదలదు. పాతికేళ్లలో రెండు రైళ్లు ఒక్కసారి కూడా ఎదురుపడలేదు."

ఆ బిళ్ల సంగతి రక్తనిధిలో అందరికీ తెలుసు. ఆ స్టేషన్ మూసేశాక దాని పేరు పలకలోంచి ఒక ముక్క కోసి, చిల్లు పొడిచి, ఒకటి అని అంకె కొట్టి తెచ్చాడు వెసెలిన్. రెండు మెషీన్ల పక్కనా చెరో మేకు. ఏ సర్వర్ నడుస్తుంటే బిళ్ల ఆ మేకుకు ఉండాలి. రెండోది లేపాలంటే మొదటిదాని దగ్గరికి కాళ్లతో నడిచివెళ్లి, అది ఆగిందో లేదో కళ్లతో చూసి, నోటుపుస్తకంలో పేరూ టైమూ రాసి, బిళ్ల తీసుకుని మెట్లెక్కాలి. కుర్రవాళ్లు దీన్ని చూసి నవ్వేవాళ్లు. ఈ కాలంలో కూడా మేకులూ బిళ్లలూ ఏమిటనేవాళ్లు.

"నాకు గుర్తుంది," అంది కలినా. "అంచులన్నీ రంపంలా ఉండేవి. నా కోటు జేబు చింపింది ఒకసారి."

"ఒకసారి కాదు, రెండుసార్లు. రెండుసార్లూ నన్నే తిట్టారు." వెసెలిన్ ప్లామెన్ వైపు తిరిగాడు. "నువ్వు బిళ్ల కోసం కిందకు వెళ్లి ఉంటే పాతదాని దీపాలు మిణుకుమిణుకుమంటూ కనబడేవి. బతికే ఉందని నీకే తెలిసేది. ఎందుకు వెళ్లలేదు?"

"బిళ్ల లేదు బాబాయ్," అన్నాడు ప్లామెన్. "మేకుకు లేదు, ఫిబ్రవరి నుంచీ లేదు. రెండుమూడుసార్లు వెతికాను, అందర్నీ అడిగాను. అక్కను అడగలేదు, అక్కను ఏం అడుగుతాం అప్పుడు? బిళ్లే లేనప్పుడు కిందకు వెళ్లడం దేనికని మానేశాం."

"నోటుపుస్తకం ఉందా?"

"కింద దారానికి వేలాడుతోంది."

"పట్రా."

ప్లామెన్ పుస్తకం కోసం కిందకు వెళ్లాడు. కలినా గడియారం చూసింది, పదకొండూ పది. వెసెలిన్ ఫ్లాస్కు మూతలో టీ పోసి రుమ్యానా ముందు పెట్టాడు. ఆమె తాగింది. వేడిగా ఉందని మింగాక తెలిసింది.

పుస్తకం వచ్చింది. గళ్ల పుస్తకం, మూలలు మడిచిపోయి, అట్ట మీద ఎవరిదో కాఫీ మరక. వెసెలిన్ కళ్లద్దాలు పెట్టుకుని చివర రాసిన పేజీ తీశాడు. చూశాడు. గింజలు నములుతున్న దవడ ఆగిపోయింది. తర్వాత మెల్లగా పుస్తకం మూసి, దాని మీద అరచెయ్యి పెట్టాడు.

"ఏమీ లేదు," అన్నాడు. "ఎవరూ సరిగ్గా రాయలేదు. ఎక్కడో పడిపోయి ఉంటుంది. సరే, డాక్టర్ గారూ, కుర్రాడు ఒప్పుకున్నాడు. చిన్నవాడు, తొందరపడ్డాడు, జీతంలో ఏదో కోత పెట్టండి, ఇంకో బిళ్ల చేయిస్తాను..."

రుమ్యానాకు ఆయన ఇరవై రెండేళ్లుగా తెలుసు. ఆ మనిషి నిజం చెప్పేటప్పుడు గింజలు కొరుకుతూనే ఉంటాడు. ఇప్పుడు నోరు ఖాళీగా ఉంది.

"ఇలా ఇవ్వండి బాబాయ్."

"వద్దు తల్లీ. అందులో ఏమీ లేదన్నానుగా."

"ఇవ్వండి."

ఆయన చెయ్యి తియ్యలేదు. ఆమె ఆ చెయ్యిని వేలు వేలుగా ఎత్తి పక్కన పెట్టింది, పుస్తకం లాక్కుంది. చివరి వరస. నీలం సిరా, కుదురైన రాత. ఫిబ్రవరి 4. పదీ ఇరవై. రుమ్యానా. తీసుకున్నాను. పక్కన, తిరిగి పెట్టాను అన్న గడిలో ఏమీ లేదు.

తన అక్షరాలే. అప్పుడు గుర్తొచ్చింది. ఫిబ్రవరిలో ఆ రోజు పాతదాన్ని ఆపి కొత్తదాన్ని లేపి చూడాలని బిళ్ల తియ్యడానికి నేలమాళిగకు దిగింది. బిళ్ల మేకునుంచి తీసింది, పేరు రాసింది. ఫోన్ మోగింది. కర్మాగారం ఫోర్‌మన్. అమ్మా, మీరు ఒకసారి రాగలరా అన్నాడు. రాగలరా అని ఎందుకు అడిగాడు, రండి అని ఎందుకు అనలేదు అని ఆలోచిస్తూ మెట్లెక్కింది. కోటు వేసుకుంది. చేతిలో ఉన్నది జేబులో వేసుకుంది.

రుమ్యానా కుడిచెయ్యి జేబులోంచి బయటికి తీసింది. ముప్పై ఎనిమిది రోజుల్లో మొదటిసారి దాన్ని కళ్లతో చూసింది. ఇత్తడి. గుండ్రం. పైన చిల్లు, మధ్యలో ఒకటి అంకె. బల్ల మీద, తాను రాసిన రెండు వాక్యాల కాయితం పక్కన పెట్టింది.

"నా దగ్గరే ఉంది," అంది.

"అక్కా," అన్నాడు ప్లామెన్.

"ఇది మేకుకు ఉండి ఉంటే నువ్వు కిందకు వెళ్లేవాడివి. వెళ్తే పాతది నడుస్తోందని చూసేవాడివి. నువ్వు లేపావు, నిజమే. నువ్వు వెళ్లక్కర్లేకుండా చేసింది నేను."

"ఆ రోజు ఏ రోజో అందరికీ తెలుసు," అన్నాడు వెసెలిన్ గట్టిగా. "రాయిలాంటి మనిషి అయినా అంతే చేసేవాడు. పుస్తకం మూసెయ్యమని అందుకే చెప్పాను."

"మూసేస్తే వీడొక్కడి మీదే పడుతుంది బాబాయ్." ఆమె కలినా వైపు చూసింది. "ఇంకో కాయితం ఇవ్వండి డాక్టర్ గారూ. ఇందాక గుర్తులేదని రాశాను. ఇప్పుడు గుర్తుంది."

కలినా కాయితం ఇచ్చింది. రుమ్యానా రాయడం మొదలుపెట్టింది. తేదీ, టైము, మేకు, ఫోను, జేబు. ఫోర్‌మన్ ఏమన్నాడో కూడా రాసింది, ఎందుకో ఆమెకే తెలియదు. రాస్తుంటే కాయితం చల్లగా చేతికి తగిలింది. చల్లగా ఉందని ఆమె గమనించింది, కాస్త ఆశ్చర్యపడింది కూడా. ఇన్నాళ్లూ ఆ చెయ్యి తనది కానట్టే ఉంది.

ప్లామెన్ మొహం చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. వెసెలిన్ ఏం చెయ్యాలో తోచక బిళ్ల చేతిలోకి తీసుకున్నాడు. తన పాత పనిని అలవాటుగా బొటనవేలితో రుద్దాడు. ఇంకోసారి రుద్దాడు. వెనక్కి తిప్పాడు. కళ్లద్దాలు తీసి, కోటు అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని కిటికీ వెలుగులో పట్టుకుని చూశాడు.

"ఇది నాది కాదు," అన్నాడు.

రుమ్యానా కలం ఆగింది.

"నేను చేసింది కాదిది. నాదాని వెనక స్టేషన్ పలక అక్షరం సగం ఉంటుంది, నల్ల రంగుతో. దీని వెనక ఏమీ లేదు. పైగా నాది చెయ్యి కోస్తుంది. ఇది చూడండి, వెన్నలా ఉంది." ఆయన గొంతు తగ్గింది. "ఎవడో దీనికి జత చేశాడు. ఒకే ఒక్కటి ఉండాలని పెట్టిన బిళ్లకు జతేమిటి? రెండు మేకులకూ రెండు బిళ్లలు వేలాడుతుంటే ఇంక అడ్డుకునేదేముంది? తల్లీ, ఆ రోజు మేకునుంచి తీసింది ఇదేనా?"

"ఇదే."

"అయితే అప్పటికే అసలుది ఇంకెవరి చేతిలోనో ఉంది."

రుమ్యానా చెయ్యి చాపింది. ఆయన బిళ్లను అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని అంచు మీద నిలబెట్టి, వేలితో చుట్టూ తిప్పింది, బస్సులో తిప్పినట్టే, మెట్ల మీద తిప్పినట్టే. కోసిన అంచును ముందు ఆకురాయితో, తర్వాత సన్న గరుకుకాయితంతో, ఆ తర్వాత నూనెగుడ్డతో రుద్ది రుద్ది గుండ్రం చేశారు. ఆమె ఇంటి తాళంచెవి అంచూ ఇలాగే ఉంటుంది. ఊరగాయ జాడీ మూతలూ, కూరగాయల తురుము పీటా, బాల్కనీ గడియా అన్నీ ఇలాగే ఉంటాయి. బజారు నుంచి ఏం కొనుక్కొచ్చినా దాని అంచు రుద్దందే ఆ మనిషి వాడనిచ్చేవాడు కాదు. చెయ్యి కోసుకుంటావే అనేవాడు.

ఇన్నాళ్లూ జేబులో ఉన్నది ఆయన వస్తువేననుకుంది. ఆ మాట నిజమే. గుండెలో ఎక్కడో సూది గుచ్చినట్టయింది, నొప్పి తెలిసింది. మత్తు దిగుతున్నప్పుడు అలాగే తెలుస్తుంది.

"ఎవరి పనో తెలుసా?" అన్నాడు వెసెలిన్.

ఆమెకు తెలుసు. ఆయన తనంతట తాను చేసి ఉండడు. ఈ భవనంలో ఎన్ని మేకులున్నాయో కూడా తెలియని మనిషి. ఎవరో అడిగి ఉంటారు, ఇంట్లో చెప్పొద్దని కూడా అని ఉంటారు. ఎందుకని ఆయన్ను అడగడానికి వీల్లేదు. అడిగి చేయించుకున్నవాళ్లను అడగొచ్చు.

"నెడ్యాల్కో," అంది రుమ్యానా.

ముప్పై ఎనిమిది రోజుల తర్వాత ఆ పేరు పైకి వచ్చింది. అనగానే ఆమె కళ్లు నిండిపోయాయి, అందుకని ఎదురుగా ఏం జరుగుతోందో సరిగ్గా కనబడలేదు. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు మాత్రం వినబడింది. కలినా డాక్టరు లేచింది, తెల్లకోటు జేబులో ఉన్నదేన్నో ఒక చేత్తో పైనుంచి గట్టిగా అదిమి పట్టుకుని తలుపు దగ్గరికి నడిచి, లోపలినుంచి గడియ వేసింది.